వరదగుడికి ఎర్రంచు ఎటుపక్క

వైశ్యాల్ వీధిలో అమ్మాయమ్మ అంటే ఎవరికీ తెలియకపోవచ్చు గానీ, ఒత్తుల అమ్మాయమ్మ అంటే పుదుచ్చేరి పెద్ద మార్కెట్టు దాకా తెలుసు. వాళ్ళది పూజ సామాన్ల అంగడి. పసుపు, కుంకుమ, కర్పూరం, సాంబ్రాణి అన్నీ బయటినుంచి తెప్పించేవే. ఒత్తులు మాత్రం ఇంట్లోవి. ఆ ఇంటికి కోడలుగా వచ్చి యాభై రెండేళ్ళయింది. అప్పటినుంచి ఆమెది ఒకటే కొలువు. పొద్దున కాఫీ తాగి, వాకిలి ముందరి తిన్నె మీద కాళ్ళు చాపుకొని కూర్చుంటుంది. గింజ తీసిన పత్తిని పిసరంత లాగి, మోకాలి పైన పెట్టి, విభూతి అద్దిన అరచేత్తో ఒక్క నెట్టు నెడుతుంది. ఒత్తి అయిపోయె! మాట్లాడుతూ మాట్లాడుతూనే వంద చేస్తుంది. మాట ఆగితే చెయ్యి ఆగుతుందని కోడలు గిరిజ ఎగతాళి చేస్తుంది గానీ, అది నిజమే.

ఒత్తులు చేయడం ఒక ఎత్తు, వాటిని పరీక్ష పెట్టడం ఒక ఎత్తు. ఇది ఆమె అత్తగారు పెట్టిపోయిన పద్ధతి. ఆ దినం చేసిన వాటిలోంచి ఒక ఒత్తి తీసి, సందెవేళ పూజగదిలో నువ్వులనూనెలో వేసి, గదిలో లైటు ఆర్పేసి, వెలిగించి చూడాలి. మంట తల ఊపకూడదు, చిటపటమనకూడదు, నల్లమొగ్గ కట్టకూడదు. అరగంట కదలకుండా కూర్చుని ఆమె 'సరే' అంటేనే ఆనాటి కట్టలు కొడుకు శ్రీరామ్ చేతికి పోతాయి. కరెంటు దీపాల కాలంలో ఇదేం పిచ్చి అని అడిగినవాళ్ళకు ఆమె జవాబు చెప్పదు. చెప్పకపోయినా ఒత్తుల కోసం ఊరవతలి విల్లియనూర్ నుంచి గూడా మనుషులు వస్తారు.

అట్లా కూర్చున్న ఒక సందెవేళ, శివరాత్రి వచ్చే మాసి నెలలో, మంట చుట్టూ వరదగుడి కట్టింది. చంద్రుడి చుట్టూ వానకు ముందు కడుతుందే, అట్లాంటిదే. కాకపోతే చిన్నది, వానవిల్లు రంగుల్లో. లోపల నీలం, ఆపైన ఆకుపచ్చ, పసుపు, అన్నిటికీ బయట ఎర్రంచు. అమ్మాయమ్మకు ఒళ్ళు జలదరించింది. చేతులు తమంతట తామే జోడయినాయి. 'తల్లీ కన్యకాపరమేశ్వరీ, ఇన్నేళ్ళు నీకు ఒత్తులు చేసినందుకు ఇట్లా వచ్చినావా' అనుకుంది. కళ్ళనీళ్ళు కారినాయి.

మళ్ళీ నాలుగు దినాలకు కట్టింది. ఆపైన వారానికి రెండుసార్లు, మూడుసార్లు. వచ్చిన దినమల్లా కుడికంటి పైన నుదురు పగిలిపోయేట్టు నొప్పి. చూపు పొగ పట్టినట్టు మసకబారేది. పడుకుని లేస్తే తేటపడేది. ఆ తేట కూడా రానురాను తగ్గుతూ వచ్చింది. ఎండలు ముదిరే చిత్తిరై నెల వచ్చేసరికి కుడికంటితో చూస్తే గడప అంచు యాడుందో తెలిసేది కాదు. రెండుసార్లు తట్టుకుంది. అయినా ఎవరికీ చెప్పలే. దర్శనం నోటితో చెప్పుకుంటే పోతుందని వాళ్ళమ్మ చెప్పింది గదా! దేవుణ్ణి చూసినవాళ్ళకు ఆ మాత్రం తలనొప్పి ఉండదా అనుకుని, శొంఠి అరగదీసి పట్టు వేసుకునేది.

ఇంకొక పని కూడా చేసింది. గుడి కట్టిన దినం చేసిన ఒత్తుల్ని అంగడికి పంపకుండా ఇత్తడి డబ్బాలో విడిగా దాచింది. ఇవి అమ్మవారు ఒప్పుకున్న ఒత్తులు, ఆషాఢపు ఆడినెలలో కోవెలలో నూటెనిమిది దీపాలకు ఇవే అని మొక్కుకుంది. గుడి కట్టని దినం ఒత్తులు మామూలువి. 'ఈ నడమ ఒత్తులు తక్కువగా వస్తాండాయేమా' అని కొడుకు అడిగితే, 'పత్తి బాగాలేదురా' అనేది. డెబ్బై ఒకటో ఏట కొడుకుతో అబద్ధం ఆడటం మొదలుపెట్టింది, పాపం.

ఇక రాసాత్తి సంగతి చెప్పాలి. రాసాత్తి సముద్రం ఒడ్డున కురుచికుప్పం అనే జాలరిపేట మనిషి. పొద్దున పడవలు రాగానే మీను, అంటే చేపలు, ఎత్తుకొని తలమీద అల్యూమినియం గంపతో బయలుదేరుతుంది. వైశ్యాల్ వీధిలో మీను తినేవాళ్ళు లేరు. అయినా అవతలి వీధులకు పోవాలంటే ఇదే దారి. ఎండకు ఆగలేక అమ్మాయమ్మ వాకిట్లో నిలబడి నీళ్ళడిగేది. ఆమెకని విడిగా ఒక చెంబు ఉంది. గంప తిన్నె మీద దించకూడదు, ఎదురుగా కాలవ మీది రాతిపలక మీద దించాలి. ఇదీ ఇరవయ్యేళ్ళ ఒప్పందం. ఎవరూ మాట్లాడుకుని చేసుకున్నది కాదు, అట్లా అయిపోయింది.

మాటలకు మాత్రం అడ్డులేదు. ఇద్దరూ అరవంలో దంచుకునేవాళ్ళు.

"ఏమే రాసాత్తీ, నువ్వొచ్చేది రెండు వీధుల ముందే నా ముక్కుకు తెలుస్తాదే!"

"మీ సాంబ్రాణి పొగ మా కుప్పం దాకా వస్తాది సెట్టియారమ్మా. మా మీన్లు గూడా భక్తిలో పడి వలలోకి రావడం మానేసినాయి."

"పోడీ, నోరు చూడు దీనికి!"

నడివేసవి కత్తిరి ఎండలు ముగిసిన నాలుగో దినం, పొద్దున పదకొండు గంటలప్పుడు మిద్దె మీద అప్పడాలు ఆరబెడుతున్న గిరిజ పైనుంచే కేక పెట్టింది. "అత్తా! అనూ! బయటికి రండి, సూర్యుడికి గుడి కట్టింది!"

వీధి వీధంతా బయటికొచ్చింది. నడినెత్తికి కొంచెం పక్కగా సూర్యుడు, ఆయన చుట్టూ బండిచక్రమంత గుండ్రంగా వెలుగు. గీత గీసినట్టుంది. చక్రం లోపలి ఆకాశం మాత్రం చుట్టుపక్కల కన్నా మసకగా, ఊదారంగుకు తిరిగి ఉంది. వీధికుక్క తప్ప అందరూ తల పైకెత్తినారు. మనవరాలు అనూహ్య లాస్‌పేట కాలేజీలో బీఎస్సీ చదువుతుంది, ఆ దినం లీవు. ఫోను పట్టుకొని పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, నేరుగా సూర్యుణ్ణి చూడొద్దు! ఈ కరెంటు స్తంభం వెనక నిలబడు. సూర్యుడికి స్తంభం అడ్డం పెట్టుకో. ఇప్పుడు చూడు."

"ఏందే ఇది, గ్రహణమా? పంచాంగంలో లేదే."

"గ్రహణం గాదవ్వా. ఆ పైన సాలెగూడు మాదిరి పల్చటి మబ్బుండాది చూసినావా? అదంతా మంచు పలుకులు. ఒక్కొక్కటీ ఆరు పలకలుగా చెక్కినట్టు ఉంటాది. ఎండ వాటిలో దూరి పక్కకు వంగి మనకాడికి వస్తాది. అన్నిట్లోనూ ఒకే లెక్కన వంగుతాది గాబట్టి ఉంగరం మాదిరి కనపడతాది."

గిరిజ మిద్దె మీదినుంచి నవ్వింది. "మంచా! ఇక్కడ నా అప్పడాలు అరగంటలో ఎండి విరిగిపోతాంటే పైన మంచు ఉండాదంట! మన ఫ్రిజ్‌లో గూడా మంచు కట్టడంలేదు, పోయి అక్కణ్ణించి రెండు గడ్డలు తీసకరా."

"వరదగుడి దూరంగా కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే వాన దూరం," అంది అమ్మాయమ్మ. "ఇది దూరంగానే ఉండాది. అప్పడాలు ఎత్తెయ్యే గిరిజా."

(వాన రాలే. ఆ దినమూ రాలే, ఆ వారమూ రాలే. సామెతలు గూడా అప్పుడప్పుడు లీవు పెడతాయి.)

అప్పుడే రాసాత్తి వచ్చింది. గంప రాతిపలక మీద దించి, గంప మూత తీసి సూర్యుడికి అడ్డంగా పట్టుకుని చూసింది. "అబ్బ! మా తాత చెప్పేవాడు. ఇట్లాంటిది కడితే సముద్రంలో నీటి పోటు మారుతాదని."

"అవ్వా, రంగులు కనపడతాండాయా?" అని అనూహ్య అడిగింది. "లోపలి అంచు ఎర్రగా లేదూ? ఆపైన పసుపు, బయటికి పోయేకొద్దీ తెలుపు, రవ్వంత నీలం."

అమ్మాయమ్మ ఎడమకంటితో స్తంభం పక్కనుంచి తీరుబడిగా చూసింది. చూసి నవ్వుకుంది. రంగుల విషయంలో తనకు తెలిసినంత ఈ పిల్లకు ఏం తెలుసు అన్నట్టు. "ఇది తిరగేసి కట్టింది," అంది. "దీనికి ఎరుపు లోపల ఉండాదే. నాదానికి బయట గదా ఉంటాది."

"నీదానికా? నీదేందవ్వా?"

అంతే! దొరికిపోయింది. మూడు నెలలు పళ్ళ బిగువున దాచింది ఒక్క గర్వపు మాటతో బయటపడింది. ఇక దాచి లాభంలేదని, తిన్నె మీద కూర్చుని అంతా చెప్పింది. మంట చుట్టూ గుడి, అమ్మవారు, ఇత్తడి డబ్బాలో ఒత్తులు. అనూహ్య ముసిముసిగా నవ్వింది. గిరిజ మిద్దె దిగొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"చూసినావా అనూ! మీ అవ్వ కోసం అమ్మవారే దిగొచ్చి దీపం కాడ కూర్చుంటాదంట. నేను నాలుగుసార్లు ఫోను చేస్తే కరెంటోడు గూడా రాడు."

రాసాత్తి మాత్రం నవ్వలేదు. గంపమూత చేతిలోంచి కిందికి జారింది. ఖంగుమంది.

"సెట్టియారమ్మా, ఎరుపు బయటా? చీర అంచు మాదిరి?"

"అవునే. లోపల నీలం."

"అప్పుడు తలనొస్తాదా? ఒక పక్కనే?"

"కుడిపక్క. నీకెట్లా తెలుసు?"

"పడుకుని లేస్తే పోతాది. గదా?"

అమ్మాయమ్మ అవునన్నట్టు తల ఊపింది. రాసాత్తి రెండంగల్లో తిన్నె ఎక్కేసింది. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి. మీను చేతులతోనే ఆమె గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పింది. కుడికన్ను ఎర్రగా ఉంది. నల్లగుడ్డు మీద ఆవిరి పట్టినట్టు ఉంది.

"మా అత్త భాగ్యం తెలుసా మీకు? తెలీదు, మీరు యాడ చూస్తారు. ఆమెకు గూడా ఇట్లాగే ట్యూబులైటు సుట్టూ, పడవలో లాంతరు సుట్టూ రంగులు కట్టేవి. ఎర్రంచు బయట అని చెప్పి చెప్పి మురిసిపోయేది. మేము మారియమ్మ దిగిందని కల్లుప్పు దిష్టి తీసి, హారతి పట్టి, ఆమె కాళ్ళు మొక్కినాం. వీధిలో ఆడోళ్ళు పిల్లల్ని ఎత్తుకొచ్చి ఆమె చేత విభూతి పెట్టించుకున్నారు. ఒక దినం తలనొప్పి, వాంతులు. పొద్దున లేచేసరికి ఒక కన్ను చీకటి. ఆరు నెలలకు రెండోది గూడా. ఆసుపత్రిలో డాక్టరు ఒకటే మాట అడిగినాడు, 'ఆ రంగులు కనపడేటప్పుడే ఎందుకు తీసుకురాలేదు?' అని. ఆ మాట నాకు పదకొండేళ్ళుగా చెవిలో ఉండాది."

పైన చక్రం అట్లాగే ఉంది.

అమ్మాయమ్మకు కోపం వచ్చింది. భయం వచ్చినప్పుడు ఆమెకు ముందు కోపమే వస్తుంది. "అది వేరే, ఇది వేరే! నా ఒత్తులకు కడతాది. ఉండు, చూపిస్తాను. మీరందరూ చూద్దురుగాని."

దిగ్గున లేచి పూజగదిలోకి పోయింది. కిటికీ మూసింది, లైటు ఆర్పింది. ఇత్తడి డబ్బాలోంచి ఒక ఒత్తి తీసి నూనెలో తడిపి వెలిగించింది. అనూహ్య, గిరిజ చెరో పక్క కూర్చున్నారు. రాసాత్తి గడప బయటే ఆగిపోయింది. మీను చేతులు గదా.

"లోపలికి రావే," అంది అమ్మాయమ్మ.

"వద్దులే సెట్టియారమ్మా..."

"రమ్మంటే రా. నలుగురు చూస్తేనే సాక్ష్యం."

నలుగురూ మంటను చూస్తూ కూర్చున్నారు. పొద్దుటినుంచీ నుదుటి నొప్పి ఉండనే ఉంది. కాసేపటికి అమ్మాయమ్మకు కట్టింది. మెల్లగా, మొదట పొగమాదిరి, ఆపైన రంగులు. బయట ఎర్రంచు.

"అదుగో! కనపడతాండాదా?"

గిరిజ అత్త ముఖంలోకి చూసింది. అనూహ్య పెదవి కొరుక్కుంది.

"అనూ, కనపడతాండాదా?"

"లేదవ్వా."

"గిరిజా?"

"మంట కనపడతాండాది అత్తా. చక్కగా నిలకడగా ఉండాది. అంతే."

ఇక రాసాత్తిని అడగలేదు. బయట ఆకాశంలోది వీధి వీధంతా చూసింది, కుక్క తప్ప. ఈ గదిలోది తన ఒక్కదానికే. అంటే అది మంట చుట్టూ లేదు.

"నా కన్ను పోతాదా రాసాత్తీ?" అంది. ఆమె గొంతు అంత చిన్నగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ఇంకా పోలేదు గదా. లెయ్యండి. ఇప్పుడే. అన్నం తినేది గిన్నేది ఏమీ వద్దు."

ఆటో వచ్చింది. అనూహ్య ఒకపక్క, రాసాత్తి ఒకపక్క. అప్పుడు గుర్తొచ్చింది, మీను గంప! ఎండలో వదిలేస్తే అంతా పాడవుతుంది. గిరిజ పుట్టింటా మెట్టింటా గుడ్డు కూడా ముట్టనిది. ముక్కుకు కొంగు చుట్టుకుని, గంపను నీడకు ఈడ్చి, అంతకుముందు తాను తిట్టిన ఫ్రిజ్‌లోంచే ఉన్న కాసిని మంచుగడ్డలు తెచ్చి మీన్ల మీద పరిచి, పిల్లులు రాకుండా చీపురు పట్టుకుని రెండు గంటలు కాపలా కూర్చుంది. మధ్యలో అంగడినుంచి వచ్చిన శ్రీరామ్ వాకిట్లో పెళ్ళాన్ని చూసి, ఇల్లు తప్పి వచ్చినాననుకుని నాలుగడుగులు వెనక్కి వేసినాడు.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. కంట్లో చుక్కలు వేసి, ఏదో గాజుముక్క ఆనించి చూసి, వెంటనే మాత్రలిచ్చింది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. కంట్లో ఎప్పుడూ నీళ్ళు ఊరుతూ, పోతూ ఉంటాయంట. ఈమెకు ఆ పోయే దారి ఇరుకు. చీకట్లో కూర్చుంటే కంటిపాప పెద్దదై ఆ దారిని మూసేస్తుంది. నీళ్ళ ఒత్తిడి పెరిగి కంటి ముందరి పొర ఉబ్బుతుంది. అప్పుడు ఏ దీపాన్ని చూసినా చుట్టూ రంగులు కడతాయి. నిద్రపోతే పాప చిన్నదై మళ్ళీ దారి తెరుచుకుంటుంది.

"చీకట్లో ఏం చేస్తుంటారు మీరు?" అని అడిగింది.

"ఒత్తులు పరీక్ష చేస్తాను."

"దినమూ?"

"యాభై రెండేళ్ళుగా."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. తర్వాత నవ్వకుండా చెప్పింది. కుడికంటికి ఒక పక్క చూపు కొంత పోయింది, అది తిరిగి రాదు. మిగిలింది నిలుస్తుంది. ఎడమకన్ను అసలు చెడలేదు. ఒత్తిడి దిగినాక మరుసటి దినం రెండు కళ్ళకూ లేజరుతో సన్న రంధ్రం పెడతాం, నీళ్ళకు అదే దారి. ఇంకొంచెం ఆలస్యమై ఒకేసారి పెద్దగా ఒత్తిడి వచ్చుంటే ఈ మాట చెప్పే వీలుండేది కాదు. "ఎవరు చెప్పినారు మీకు, ఇది కంటి జబ్బని?"

అమ్మాయమ్మ రాసాత్తి చేతిమీద చెయ్యి వేసింది. మాట రాని అమ్మాయమ్మను చూసి అనూహ్యకు ఏడుపొచ్చింది.

లేజరు కూర్చున్నంతలో అయిపోయింది. చీమ కుట్టినంత. వారానికి నుదుటి నొప్పి లేదు, పొగ లేదు. పూజగదిలో ఇప్పుడు లైటు వేసే పరీక్ష. మంట చుట్టూ ఏమీ కట్టదు. ఇత్తడి డబ్బాలో ఒత్తుల్ని ఏం చెయ్యాలి అని గిరిజ అడిగితే, "మిగతా వాటిలో కలిపెయ్యి. అన్నీ ఒకటే పత్తి," అంది.

అమ్మవారు మోసం చేసిందని అనుకుందా అంటే, లేదు. ఆమె లెక్క వేరే. మూడు నెలలు నోరు మూసుకు కూర్చున్నదాన్ని. ఎవరడిగినా చెప్పేదాన్ని కాదు. అందుకని ఆ తల్లి ఊరందరికీ కనపడేట్టు ఆకాశంలో ఒకటి కట్టి, నా గర్వాన్ని గిల్లి, నోరు తెరిపించింది. ఆ ఘడియకే రాసాత్తిని వాకిట్లో నిలబెట్టింది. అంత మంచు పైన యాడినుంచి తెచ్చిందో! అనూహ్య మళ్ళీ ఆరు పలకల కథ మొదలుపెడితే, "అది గూడా నిజమేలే, పలకలు ఎవరు చెక్కినారంట?" అనేది.

చీర, పసుపు కుంకుమ తాంబూలంలో పెట్టి ఇస్తే రాసాత్తి తీసుకోలేదు. "నేనేం చేసినాను? తెలిసింది చెప్పినాను. ఆ తెలివి నాది గాదు, మా అత్త కళ్ళు పోయి వచ్చింది. ఇచ్చేదుంటే ఆమెకియ్యండి."

మరుసటి శుక్రవారం అమ్మాయమ్మ కురుచికుప్పం పోయింది. నడిస్తే ఇరవై నిమిషాలు. యాభై రెండేళ్ళలో ఎప్పుడూ పోలేదు. ఇంటిముందు వల ఆరేసిన పందిరి కింద నులకమంచం మీద భాగ్యం కూర్చుని ఉంది. సన్నగా, ఎండిన చెరుకుగడ మాదిరి. కళ్ళు తెరిచే ఉన్నాయి, తెల్లగా. రాసాత్తి గ్లాసులో టీ తెచ్చింది. అమ్మాయమ్మ గటగటా తాగేసింది.

"నేను, ఒత్తుల అమ్మాయమ్మను."

"తెలుసు. సాంబ్రాణి వాసన వచ్చింది," అంది భాగ్యం.

అమ్మాయమ్మ చీరను ఆమె ఒళ్ళో పెట్టి, రెండు చేతులూ పట్టుకుంది. "నీ కళ్ళు పోయి నావి నిలబెట్టినాయి తల్లీ. నేనేం చెప్పేది?"

భాగ్యం ఒళ్ళోని చీరను వేళ్ళతో తడిమింది. "పదకొండేళ్ళుగా అనుకుంటా ఉండాను, ఊరికే పోయినాయే అని," అంది. "ఊరికే పోలేదన్నమాట. సరే పో. అది గాదు, ఆ ఆకాశంలో కట్టింది ఎట్లా ఉండె? ఈ రాసాత్తి చెప్తాది, 'గుండ్రంగా ఉండె అత్తా' అని. గుండ్రంగా ఇడ్లీ గూడా ఉంటాది!"

అమ్మాయమ్మకు ఇంకేం కావాలి? మొదలుపెట్టింది. ఎంత వెడల్పో, లోపలి ఆకాశం ఎట్లా మసకబారిందో, అంచు యాడ ఎరుపై యాడ పసుపు తిరిగిందో, నీలం వచ్చేచోట వచ్చీరానట్టు ఎట్లా ఉందో, అన్నీ. భాగ్యం వేలితో గాలిలో గీసుకుంటూ వినింది. ఎరుపు లోపలుంది అన్నప్పుడు వేలు ఆగిపోయింది. "ఓహో," అంది. "అసలుదానికి లోపలా!"

"లోపలే."

భాగ్యం గొంతు తగ్గించింది. "ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పాల. నీకు కళ్ళు బాగుండాయి గదా ఇప్పుడు. మా రాసాత్తి ఎట్లా ఉండాది? నేను చూసేటప్పుడు నిండుగా, నల్లటి జడతో ఉండె. అడిగితే ఇప్పుడూ అట్లాగే ఉండానంటాది."

గడపలో నిలబడి రాసాత్తి వద్దు వద్దు అని చెయ్యి ఊపుతోంది.

అమ్మాయమ్మ రెండు కళ్ళతోనూ ఆమెను నింపాదిగా చూసింది. "జడ సన్నబడింది. నడినెత్తిన నెరిసింది, రంగు వేస్తాది గానీ పాయ దగ్గర తెలుస్తాంది. కంటికింద నల్లబడింది. ముందరి పన్ను ఒకటి లేదు. నవ్వితే మాత్రం లచ్చిమీదేవే."

"సెట్టియారమ్మా!" అని రాసాత్తి అరిచింది.

"నవ్వుతాండాదా ఇప్పుడు?" అని భాగ్యం అడిగింది.

"నవ్వుతాండాది. ఏడుస్తా నవ్వుతాండాది."

"సరే, చెప్పు, చెప్పు," అంది భాగ్యం, మంచం మీద పక్కకు జరిగి చోటు చేస్తూ. "ఇంకా ఎట్లా ఉండాది?"